కిన్నెరకట్టు చేతులు



రెండు బండరాళ్ల నడుమ ఒక తీగను బిగించి వ్రేలితో మీటి చూడుడు. తీగ ఎంత మేలైనదైనను, ఎంత బిగువుగా లాగి కట్టినను, దాని పలుకు నాలుగడుగుల దూరము పోదు. సన్నని వస్తువు గనుక అది గాలిని చీల్చుకొని ఊగును గాని గాలిని కదలింపజాలదు. ఆ కంపమును తాను గ్రహించి తన విశాలమైన దేహముతో గాలికి అప్పగింపగల మరియొక వస్తువు, అది పలుచని చెక్కపలక కానిండు, ఎండిన సొరబుర్ర కానిండు, దానికి తోడైనప్పుడే మనము నాదమని చెప్పుకొను మాధుర్యము పుట్టును. వీణ చేయువాడైనను, గిటారు చేయువాడైనను, తంత్రీవాద్యశిల్పి జీవితమంతయు శ్రమించునది ఈ తోడును కుదుర్చుటకే. తీగలు బజారులో దొరకును. తోడును మాత్రము చేతితో చేసికొనవలసినదే.

ఈ సంగతిని ఐరోపావారికి కన్నులకు కట్టినట్లు చూపినవాడు ఆంతోనియో దె తోర్రెస్. 1817లో స్పెయిను దేశమున అల్మేరియా ప్రాంతములో పుట్టి, పిన్ననాటనే వడ్రంగము నేర్చి, పిమ్మట గిటారుల నిర్మాణమునకు దిగి, నేడు ప్రపంచమంతట కానవచ్చుచున్న గిటారు రూపమును స్థిరపరచిన మహాశిల్పి యాతడు. గిటారులో పలుకునది ముందటి పలకయే యనియు, వీపును ప్రక్కలును దానికి ఆసరా మాత్రమే యనియు ఆతని నమ్మకము. దానిని వాదముతో గాక పనితో నిరూపింపనెంచి 1862లో నొక గిటారు చేసెను. వీపునకు, ప్రక్కలకు ఖరీదైన కలపను విడిచి, కాగితపు గుజ్జుతో చేసిన అట్టను వాడెను. ముందటి పలకను మాత్రము స్ప్రూస్ అను శీతలదేశ వృక్షపు చెక్కతో యథావిధిగా అమర్చెను. ఆ గిటారు పలికినది. బాగుగనే పలికినదని విన్నవారు చెప్పుకొనిరి. నేటికిని అది బార్సిలోనా నగరపు సంగీత ప్రదర్శనశాలలో నున్నది.

అట్టతో చేసిన ఆ గిటారును గూర్చి చదివినప్పుడెల్ల నాకు మన పాలమూరు, అనగా మహబూబునగరపు సీమ, జ్ఞప్తికి వచ్చును. వాద్యముయొక్క గొప్పతనము సామగ్రి వెలలో లేదని తోర్రెస్ ఒక్క గిటారుతో రుజువు చేసెను. ఆయన పేరైనను విననివారు, నల్లమల అంచులలోను, కృష్ణ దుందుభుల నడిమి చెలక నేలలలోను తిరుగాడుచు, అదే సంగతిని సొరబుర్రతోను వెదురుబొంగుతోను తరతరములుగా రుజువు చేయుచు వచ్చిరి. వారు డక్కలివారు. వారి వాద్యము కిన్నెర. చేతితో చేయు గిటారుల సొగసును గూర్చి మాటాడవలెనని సంకల్పించుకొన్న నేను కిన్నెర దగ్గరకు చేరుట దారి తప్పుట కాదని, వినగా వినగా మీరే యొప్పుకొందురు.

కిన్నెరను దగ్గరనుండి చూచినవారు నేడు తక్కువ గనుక దాని స్వరూపమును కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఒక నిడుపాటి వెదురుబొంగు. దాని క్రింద కట్టిన మూడు బుర్రలు. పైన వరుసగా నిలిపిన మెట్లు. మెట్ల మీదుగా సాగిన తీగ. పూర్వము నరముతో పేనిన తీగ యుండెడిది. ఇప్పుడు లోహపు తీగ వచ్చినది. కొనయందు చెక్కతో చేసిన యొక పక్షిని నిలుపుట పాత అలవాటు. నెమలియీకలును రంగు గుడ్డలును చేసినవాని ముచ్చటను బట్టి చేరుచుండును. వాయించువాడు దానిని మేనికి ఆనించుకొని, ఎడమచేతి వ్రేళ్లతో మెట్ల మీద తీగను అదుముచు, కుడిచేతి వ్రేలితో మీటుచు, ఒక చరణము తాను పాడి, ఆ చరణమునే కిన్నెరచేత మరల పలికించును.

ఇందులో నున్న యుక్తిని గమనింపుడు. ఉక్కు తీగల గిటారులో ఆరు తీగలు కలిసి లాగు బలము సుమారు 70 కిలోల బరువునకు సమానము. ఆ లాగుడును పగలు రాత్రి భరించుచు, అదే సమయమున తేలికగా కంపించి పాడవలసిన భారము కూడ ముందటి పలక మీదనే పడినది. పలక మందమైనచో నిలుచును గాని పలుకదు. పలుచనైనచో పలుకును గాని వంగిపోవును. రెండు మూడు మిల్లీమీటర్ల మందముగల ఆ చెక్క వెనుక సన్నని బద్దలను విసనకర్ర ఆకులవలె పరచి అతికించుటయందు తోర్రెస్ చూపిన నేర్పును, అమెరికాలోని మార్టిన్ కర్మాగారమువారు ఆ బద్దలనే గుణకారపు గుర్తు ఆకారముగ అమర్చిన ఉపాయమును ఈ చిక్కు నుండి పుట్టినవే. కిన్నెర కట్టినవాడు చిక్కును విప్పుటకు కూర్చుండలేదు. దానిని మొదటనే పుట్టనీయలేదు. లాగుడంతయు వెదురునకు అప్పగించెను. పాడుటను బుర్రకు విడిచెను. మోయు పని యొకరిది, పాడు పని యొకరిది. బుర్ర మీద తీగ బరువు లేదు గనుక అది ఎంత పలుచగా నున్నను భయము లేదు. ఇంత సరళమైన యాలోచన ఎవనికి మొట్టమొదట తట్టినదో గాని, ఆతడు సామాన్యుడు కాడు.

ఇక బుర్రల విషయము. మా పల్లెలలో ఆనిగెపుకాయ యని పిలుచుకొను సొరకాయను కూరకు లేతగా నున్నప్పుడే కోయుదురు. కిన్నెరకు కావలసినది అట్లు కోయక తీగకే విడిచిన ముదురు కాయ. తొలకరిలో పెట్టిన విత్తు మొలచి, గుడిసె కప్పు మీదికో పందిరి మీదికో ప్రాకి, పూచి కాచి, చలికాలమున తీగ వాడిపోవు వేళకు కాయ పచ్చదనమును విడిచి, గోటితో గీచినను గీత పడనంత గట్టిపడును. ఆతురపడి ముందుగా కోసినచో ఎండునప్పుడు ముడుతలు పడి చెడును. కోసిన పిమ్మట నోరు తెరచి, లోపల నీరు పోసి, గుజ్జు మెత్తబడువరకు నానవైచి, గింజలతో గూడ గీకి పారవైచి, మరల నీడపట్టున ఆరబెట్టవలెను. మండుటెండలో పెట్టినచో పెచ్చు బీటవారును. ఈ పనిలో యంత్రమునకు చోటు లేదు, తొందరకు అసలే లేదు. లోపలి గోడను ఎంతవరకు గీకవలెనో, ఎక్కడ ఆపవలెనో చెప్పునది చేతి వ్రేళ్ల స్పర్శయే. మూడు బుర్రలును ఒక పరిమాణమున నుండవు. పెద్ద బుర్రలోని గాలి మంద్రస్వరముల నెక్కువగా ఆదరించును. చిన్న బుర్రలోని గాలి పై స్వరములను అందుకొనును. కాయలను కొలతకు తగినట్లు కాయించుట మనుష్యుని వశము కాదు. కాచినవానిలో నుండి పొత్తు కుదురువానిని ఏరుకొనుటయే ఆతని ప్రజ్ఞ.

ఏరుటకు సాధనము చెవి. వ్రేలి కణుపుతో తట్టి వినుట. గిటారు శిల్పి చేయునదియు అదియే: పలకను ఒక మూల రెండు వ్రేళ్లతో తేలికగా పట్టుకొని, నడుమ తట్టి, చెవిదగ్గర పెట్టుకొని, చిత్రికపట్టి, మరల తట్టును. నల్లగొండ సీమలో ఈ తట్టి వినుట రాతివరకు పోయినది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయములలో కొన్ని స్తంభములు తట్టిన వేర్వేరు ధ్వనులు పలుకునని చెప్పి యాత్రికులు నేటికిని తట్టి చూచుచుందురు.  ఆలయములు చూడవచ్చినవారు తట్టుట మంచి యలవాటు కాదని పురావస్తు శాఖవారి పక్షమున నేనును చెప్పవలసినదే గాని, రాతిలో కూడ పలుకును వెదకిన జనులు సొరకాయలో వెదకుట యందు వింత లేదు.

ప్రాసంగికముగ నొక మాట. సితారులకు, తంబురలకు కావలసిన పెనుబుర్రలను మహారాష్ట్రమున పండరీపురము చుట్టుప్రక్కల భీమానదీ తీరమున పనిగట్టుకొని పండించి, మిరజ్ పట్టణపు వాద్యశిల్పులకు విక్రయింతురు. అక్కడి రైతునకు అది యొక పంట. కాయ అడుగు చదునుగా రావలెనని, మెడ వంకర పోరాదని దానిని పెరుగుచున్నప్పుడే కనిపెట్టియుండును. ఆ భీమానదియే ప్రవహించి వచ్చి మన నారాయణపేట జిల్లా సరిహద్దున కృష్ణలో కలియుచున్నది. నీరు మనదాక వచ్చినది గాని ఆ బేరము మనదాక రాలేదు. కిన్నెరబుర్రకు అంగడి యెన్నడును లేదు. కట్టుకొనువాడే వెదకుకొనవలెను, లేదా తన గుడిసె మీద కాయించుకొనవలెను.

బొంగునకు బుర్రను, బొంగు మీద మెట్టును పట్టి యుంచునది తేనెమైనము. నల్లమలలో మైనమనగా అక్కడి అడవివాసులైన చెంచులు దించినదే. కొండచరియలకు వ్రేలాడు పెరతేనె పట్టులకై చెంచువాడు తాటికి వ్రేలాడుచు లోయలోనికి దిగునప్పుడు, పైన ఆ తాటిని కాచుటకు భార్య తోబుట్టువును నిలువబెట్టుకొనునని చెప్పుదురు. తన చెల్లెలు ముండమోయుటకు ఏ అన్నయు ఒప్పుకొనడు గదా! అంత ప్రాణాపాయముతో దించిన తేనెకు బజారున ఒక ధర కలదు. పిండిన పిమ్మట మిగిలిన మైనమునకు వాద్యములు చేయువారును విలువ కట్టిరి. మైనము వేడికి మెత్తబడి, చల్లారగానే బిగియును. బిగిసినను గాజువలె పెళుసెక్కదు. మెట్టు కదలక నిలుచును, కావలెనన్నప్పుడు కదలును.

ఈ రెండవ గుణములోనే కిన్నెరకును గిటారుకును గల పెద్ద భేదము దాగియున్నది. గిటారు మెడమీది మెట్లను గణితము నిర్ణయించును. తీగ నిడివిలో పదునెనిమిదవ వంతు విడిచి మొదటి మెట్టు, మిగిలిన నిడివిలో మరల పదునెనిమిదవ వంతు విడిచి రెండవది, ఈ విధముగ నడచినది పాత వడ్రంగుల లెక్క. ఆ లెక్కను సవరించి నేటివారు 17.817 అను సంఖ్యతో భాగింతురు. అట్లు చేసిన 12వ మెట్టు సరిగా తీగ నడుమ వచ్చి పై స్థాయి షడ్జమును పలుకును. లెక్క ప్రకారము మెడను రంపముతో కోసి, లోహపు తీగను సుత్తితో దిగగొట్టిన పిమ్మట ఇక మార్పు లేదు. నలుగురు కలిసి వాయించు సంగీతమునకు ఆ నిశ్చలత్వము అవసరమే. కిన్నెర అట్టిది కాదు. పాలమూరులో దానిని పన్నెండు మెట్ల కిన్నెర యనుట వాడుకయైనది. గిటారునకును పన్నెండు మెట్లకు స్థాయి పూర్తియగుట గమనించి, రెండును ఒకటే లెక్కయని భ్రమింపరాదు. కిన్నెర మెట్టును నిలుపునది సూత్రము కాదు, ఒక మనుష్యుని గొంతు. తన పాటలో స్వరము ఎక్కడ ఆగునో, ఎక్కడ జారునో అక్కడకు మైనమును వేడిచేసి మెట్టును జరపుకొనును. ఆ వాద్యము ఒకే గాయకునికై కొలిచి కుట్టినది. మరియొకరికి నప్పవలెనన్న నియమము దానికి లేదు.

మైనమున మెట్లు నిలుపు విద్య మన దేశమున అతిప్రాచీనము. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవరాజు సింఘణుని యాస్థానమున నుండిన శార్‌ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరములో కిన్నరీవీణను వర్ణించుచు, రాబందు ఎముకతో మెట్లు చేయవలెననియు, గుడ్డ కాల్చిన మసిని మైనముతో కలిపి వానిని అతికింపవలెననియు చెప్పియున్నాడు. ఇప్పుడు విజయనగరము జిల్లా బొబ్బిలి వీణను చూడుడు: పనసమ్రానుతో తొలిచిన ఆ ఘనవాద్యమునందు కూడ ఇరువదినాలుగు ఇత్తడి మెట్లును నల్లని మైనపు కట్టమీదనే నిలిచియున్నవి. పండితుడు గ్రంథములో వ్రాసిన విధానమును, రాజాస్థానముల వీణ చేయు బొబ్బిలి సర్వసిద్ధి వంశపు శిల్పులు అనుసరించు విధానమును, ఊరి వెలుపల గుడిసెలో డక్కలి కళాకారుడు పాటించు విధానమును ఒక్కటియే! వీరిలో ఎవరి నుండి ఎవరు నేర్చిరన్న ప్రశ్నకు, గ్రంథము వ్రాసినవానికే మొదటి తాంబూలము ఇచ్చుట మన అలవాటు. నా మట్టుకు నేను వ్రాత కంటె చేత ముందని తలంతును; ఎముకను మైనమున నిలిపి చూచినవాడు లేనిదే దానిని శ్లోకమున నిలుపువాడు రాడు.

తెలుగు సాహిత్యములో కిన్నెరకు గొప్ప స్థానమిచ్చినవాడు పాల్కురికి సోమనాథుడు. ఆతని పాలకుర్తి, జనగామ తాలూకాతో పాటు ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనే యుండెడిది. బసవపురాణమున ఆతడు కిన్నర బ్రహ్మయ్య యను శివభక్తుని కథ చెప్పినాడు. కిన్నెర వాయించి శివుని మెప్పించి, వచ్చిన సొమ్ముతో జంగములకు అన్నము పెట్టిన ఆ భక్తునికి ఉల్లిగడ్డయన్న మహాప్రీతి. బసవేశ్వరుడంతటివాడు ఉల్లిని నిందించినాడని అలిగి పోగా, ఉల్లితోనే విందు చేసి బసవడు ఆతనిని ప్రసన్నుని చేసికొనవలసివచ్చెను. కిన్నెరకానికి ఆత్మాభిమానము ఎక్కువయని ఈ కథ వలన తెలియుచున్నది. పండితారాధ్య చరిత్రలోను శ్రీశైలయాత్ర సందర్భమున పలువిధములైన వీణల పేర్లు సోమనాథుడు గ్రుచ్చియెత్తినాడు. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పేరొందిన ఉమామహేశ్వరము అచ్చంపేట సమీపముననే యున్నది; సోమనాథుని కాలపు యాత్రికులు కిన్నెరలు మీటుచు ఎక్కిన కొండల నీడనే కిన్నెర నేటికిని మిగిలియుండుట నాకు యాదృచ్ఛికముగ తోచదు.

ఆ కొండల అంచునే, నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలమున అవుసలికుంట యను గ్రామము కలదు. చైత్రపౌర్ణమికి సలేశ్వరము జాతరకు పోవువారికి లింగాల త్రోవ తెలిసినదే. ఆ అవుసలికుంటవారు దర్శనం మొగులయ్య గారు. పెద్దల నుండి వచ్చిన పన్నెండు మెట్ల కిన్నెరతో పండుగ సాయన్న వీరగాథను ఊరూర పాడినారు. సాయన్న పాలమూరి ప్రజల మనసున నిలిచిన వీరుడు; దొరల గాదెలు కొల్లగొట్టి పేదల గంజికి గింజలు పంచినవాడని జనులు చెప్పుకొందురు. 2021లో భీమ్లా నాయక్ చలనచిత్రపు పాట మొగులయ్య గారి గొంతుతోను కిన్నెరతోను ఆరంభమై తెలుగునాట మార్మ్రోగినది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. పాఠశాల పుస్తకములలోను ఆయన పాఠమైనారు. అంతకు పూర్వమే ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు మన జానపద, గిరిజన వాద్యములను వెదకి సేకరించి ప్రదర్శనలు పెట్టి, ఇట్టివి కలవని నగరవాసులకు చూపియుండిరి.

ఈ గౌరవములన్నియు న్యాయమైనవే. అయినను ఇందులో నాకొక వెలితి కనబడుచున్నది. మనము ఆదరించినది గొంతును. పాట ధ్వనిముద్రికలకెక్కినది, కథ అచ్చుకెక్కినది, గాయకుని ఛాయాచిత్రము పత్రికలకెక్కినది. ఆ బొంగును కోసి, బుర్రను ఆరబెట్టి, మైనమును పదును చూచి మెట్లు నిలిపిన చేతిపనిని గూర్చి ఎవరును నిలిచి అడుగలేదు. దీనికి కారణము లేకపోలేదు. గిటారు లోకమున చేయువాడు వేరు, వాయించువాడు వేరు. తోర్రెస్ తన గిటారు కడుపులో పేరు, సంవత్సరము అచ్చువేసిన చీటీ యతికించెను. కచేరీలో ఎవరు వాయించినను ఆ చీటీ దానిలోనే యుండును. డక్కలివారిలో ఎవని కిన్నెరను వాడే కట్టుకొనును. పాడువాని వెలుగులో కట్టువాడు మరుగుపడుట, ఇద్దరును ఒక్కరే యగుట వలన, మన కంటికి ఆనలేదు.

మరియు డక్కలివారి బ్రదుకు ఎట్టిదో మరువరాదు. మాదిగలను ఆశ్రయించి, వారికి జాంబపురాణమును పటము చూపుచు చెప్పి, వారిచ్చిన త్యాగముతో బ్రదుకుచు వచ్చిన సంచారకులు వీరు. ఊరు మాలమాదిగలను వెలుపల నిలిపినది. డక్కలి గుడిసె ఆ వాడకు కూడ వెలుపల నిలిచినది. అట్టివారి చేతి వస్తువును శిల్పమనుటకు మన నోరు రాకపోయినది. పల్లకిలో నూరేగిన వీణను శిల్పమన్నాము. భుజాన వ్రేలాడిన కిన్నెరను బిచ్చపు సాధనమన్నాము. చేతిపని రెంటియందును ఒకే తీరున ఓర్పును అడిగినదని చేసినవారికి మాత్రమే తెలియును.

సామగ్రి విషయమున కాలము తెచ్చిన చిక్కు మరియొకటి యున్నది. పూర్వము కిన్నెర మెట్లకు అలుగు పెంకులు వాడుచుండిరి. అలుగనగా ఒడలెల్ల గట్టి పొలుసులు గలిగి చీమలను చెదలను తిని బ్రదుకు అడవిజంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి మొదటి షెడ్యూలులో రక్షణ కల్పించినది గనుక ఆ పెంకు ఇక వాద్యమున చేరరాదు. చేరకుండుటయే మంచిది, ఏలయన ఆ ప్రాణి నేడు పెంకుకొరకే హతమగుచున్నది. కొందరు ఇట్టి సంగతి వినగానే, పెంకు పోయినచో కిన్నెర నాదము పోవునని నిట్టూర్తురు. గిటారు చరిత్ర చూచినవారు అట్లనరు. పూర్వము గిటారు తీగలు ఆను పైకమ్మి, క్రిందికమ్మి ఏనుగు దంతముతో చేయుచుండిరి. దంతము నిషిద్ధము కాగా పశువుల ఎముకకు మారిరి, నాదము మునుగలేదు. గిటారు వీపునకు శ్రేష్ఠమని పేరుపడిన బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్ కరవగుటతో మార్టిన్ వారు 1969లో భారతదేశపు రోజ్‌వుడ్‌కు మారిరి. అది మన ఇరుగుడు చెట్టే. నల్లమలలోను ఇరుగుడు కలదు. పెన్సిల్వేనియాలో తయారగు గిటారుల వీపులలో దక్షిణదేశపు ఇరుగుడు చెక్క ఏబదియేండ్లకు పైగా పలుకుచున్నది. ఆ చెట్టు నీడన నడచిన కిన్నెరకానికి ఆ సంగతి ఎవరు చెప్పిరి? కిన్నెర మెట్టునకు పశువుల కొమ్ముగాని, ఎముకగాని, ఇత్తడిగాని చాలును. శార్‌ఙ్గదేవుని రాబందు ఎముక నుండి బొబ్బిలి ఇత్తడివరకు మెట్టు మారుచునే వచ్చినది.

ఇక చేయవలసినది ఏమి? పాశ్చాత్యదేశములలో ప్రదర్శనశాలలలోని పాత గిటారులను అంగుళమంగుళము కొలిచి, పలక మందము ఎక్కడ ఎంతయో గుర్తించి, నిలువెత్తు నమూనాచిత్రములు గీసి అమ్ముదురు. ఇరువదియేండ్ల కుర్రవాడు ఆ చిత్రమును బల్లమీద పరచుకొని, నూటయేబదియేండ్ల నాటి గిటారునకు మరల ప్రాణము పోయును. కిన్నెరకు అట్టి చిత్రము కావలెను. బొంగు నిడివి, కణుపుల నడిమి దూరము, ఒక్కొక్క బుర్ర చుట్టుకొలత, పెచ్చు మందము, ఏ బుర్ర ఏ మెట్టు క్రింద నిలిచినది, మైనములో ఏది ఎంత పాలు కలిసినది, ఇవన్నియు వాయించువారి యెదుటనే కూర్చుండి, వారు చెప్పగా వ్రాసికొనవలెను. కొలిచినవాడు గణితమును చూపి మెట్లను సరిదిద్దుటకు పూనుకొనరాదు; అవి తప్పి లేవు. పనికి వేతనము కట్టి, నేర్పినవానికి గురువని పేరు వ్రాయవలెను. మహబూబునగరములోను నల్లగొండలోను పారిశ్రామిక శిక్షణ సంస్థలు కలవు. వానిలో పని నేర్చుకొను పిల్లలలో నలుగురికి ఒక బుర్రను తట్టి వినుట నేర్పినచో ప్రభుత్వమునకు పెద్ద వ్యయము కాదు.

ఒక ఆక్షేపణ వినవచ్చుచున్నది: కిన్నెర ధ్వని చిన్నది, సభలకు చాలదు, దానికి విద్యుత్తు తగిలించి పెద్దది చేయవలెనని. ముందు ఒక మైకు పెట్టుడు, సభకు వినబడును. అంతవరకు అభ్యంతరము లేదు. వాద్యములోనికే విద్యుత్తును దించినచో తీగ ధ్వనియే యంత్రమునకు పోవును, బుర్రకు పని యుండదు. పని లేని బుర్రను ఏరుటకు, ఆరబెట్టుటకు, తట్టి చూచుటకు ఎవడును పూనుకొనడు. గిటారు విషయమున అట్టిది జరిగియే యున్నది: విద్యుద్గిటారునకు కడుపు అక్కరలేకపోయినది, ఒక దిమ్మె చాలినది. దాని సంగీతము దానికున్నది, కాదనను. కిన్నెరకు మాత్రము తొలకరిలో సొరవిత్తు పెట్టువారే ఇప్పుడు కావలసినది. ఆ విత్తు పెట్టుటకు రాబోవు మృగశిరకార్తె తగిన అదను.